తీసేసిన వరుస

ఒర్లియంపేట,
పాండిచ్చేరి,
12 జూలై 1987

చిరంజీవి చంద్రకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నకు కాలు వాచింది, అందుకే పోయిన ఆదివారం మీ ఏంబలం రాలేకపోయారు. మీ అమ్మ పంకజం పిన్నిని కంగారు పడవద్దని చెప్పు. అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కంప్యూటర్ క్లాసులో ఏం నేర్పుతారని అడిగావు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చడం, కావలసింది అడిగి రాబట్టడం. ఒకే సంగతిని రెండు చోట్ల రాయకూడదంటారు మా గోవిందరాజన్ సార్. అందుకని కుటుంబాలకు ఒక పట్టిక, మనుషులకు ఒక పట్టిక. ఇంటిపెద్దకు ఒక నంబరు ఇస్తాం. పిల్లల పేర్ల పక్కన ఆ నంబరు వేస్తే చాలు, ఎవరు ఎవరి బిడ్డలో అడగ్గానే తెరమీదికి వస్తుంది. నాకు ఈ పని ఎంతో నచ్చింది. మన సంఘంవాళ్ళు ఆడపిల్లల హాస్టల్ దరఖాస్తులు ఎక్కించే బాధ్యత నాకే ఇచ్చారు.

నీ దరఖాస్తు అందిందా అని కూడా అడిగావు. అందింది. నీ పేరు పక్కన నాన్న నంబరు వేసింది నేనే.

ఆ మధ్య సంఘం పెద్ద జయలక్ష్మమ్మ అత్త, ఇంకొందరు ఆడవాళ్ళు కంప్యూటర్ చూడటానికి వచ్చారు. "మీ నాయిన పేరు కొట్టి చూపీ" అంది అత్త. కొట్టాను. రెండు వరుసలు వచ్చాయి. ప్రేమ, చంద్ర.

"ఈ చంద్ర ఎవురమ్మా?"

నాన్నకు ఏంబలంలో మరో ఇల్లు ఉందని నా నోటితో నేనెవరికీ చెప్పలేదు. "తప్పుగా పడింది అత్తా" అన్నాను. వాళ్ళ ఎదుటే నీ వరుస తీసేశాను.

చంద్రా, ఈ యంత్రంలో తీసేసింది వెంటనే పోదు. గుర్తు మాత్రం పడుతుంది. 'రీకాల్' అని కొడితే తిరిగొస్తుంది. 'ప్యాక్' అని కొడితేనే పూర్తిగా పోతుంది. వాళ్ళు వెళ్ళాక గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను అడిగేవాళ్ళు లేరు. అయినా ప్యాక్ అని కొట్టాను. హాస్టల్‌కు తీసుకునేవాళ్ళ పేర్లు అందులోంచే తీశారు, నీ పేరు రాలేదు.

నీ ఉత్తరంలో "అక్కా" అని పిలిచావు. అది చదివిన మర్నాడే అత్త ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నాకు తెలుసు పాపా. ఊరికంతా తెలుసు. నీ నోట వస్తాదా అనే అడిగినా" అంది. తర్వాత, "సీట్లు నిండిపోయినాయి. ఇంక వచ్చే ఏడే" అంది.

ఆ చాటలోకి తప్ప ఎటూ చూడలేకపోయాను.

ఇంటికొచ్చి అమ్మకూ చెప్పాను. "చంద్ర ఈడనే ఉండి కాలేజీకి పోతాదిమా" అన్నాను. అమ్మ బట్టలన్నీ మడతపెట్టింది. తర్వాత, "ఆ బిడ్డ పొద్దున కాపీ తాగుతాదా?" అని అడిగింది.

వస్తావో రావో నీ ఇష్టం. రాకపోతే ఎందుకని అడిగే ముఖం నాకు లేదు. అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు రాయి.

ఇట్లు,
నీ అక్క
ప్రేమ