నేను ఆపేసిన టూల్

చెల్లీ,

ఎదురుగా చెప్పే ముఖం లేక రాస్తున్నాను. నువ్వు మన ఆఫీసులో చేరిన రోజు నీ కంప్యూటర్ సిద్ధం చేసింది నేనే. కోడ్ పంపేముందు తప్పులు పట్టి ఆపే టూల్ కూడా పెట్టాను. మూడు వారాలకే మేనేజరు అందరి ముందూ నాతో, "మీ చెల్లెల్ని చూసి నేర్చుకోండి" అన్నారు. పదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని, నాకు కడుపు మండింది. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు, నాకు తెలిసిన నీ పాస్‌వర్డ్‌తో కంప్యూటర్ తెరిచి ఆ టూల్ ఆపేశాను.

నిన్న నీ కోడ్‌లో తప్పు దొర్లి మన టికెట్ల సైట్‌లో ఒక్కో బస్సు సీటు ఇద్దరిద్దరికి అమ్ముడుపోయింది. నువ్వు ఏడుస్తుంటే, "నీ తప్పేం లేదే, ఊరుకో" అన్నాను. నువ్వది ఓదార్పనుకున్నావు.

పొద్దున మేనేజరుకు అంతా చెప్పేశాను. టూల్ మళ్లీ పెట్టాను. నా కుళ్లు మాత్రం ఇంకా పోలేదు. అందుకే నీ పాస్‌వర్డ్ మార్చుకో, నాకు చెప్పకు.

మీ అక్క