కాళ్లు మాత్రమే వస్తున్న కోళ్ల గురించి

పశుసంవర్ధక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పైదేశాల నుండి కాళ్లు మాత్రమే దిగుచున్న కోళ్ల వలన, కాళ్లతో పాటు మిగతావన్నీ కలిగిన నా కోళ్ల షెడ్డు మూతపడుచుండుట – సుంకము తిరిగి వేయించుట గురించి.

1. నేను పట్టణ శివారున కోళ్లు పెంచి బతుకుచున్నవాడను. నిరుడు దిగుమతి సుంకం ఎత్తివేసినది మొదలు, గడ్డకట్టిన కోడికాళ్లు అట్టపెట్టెల్లో ఓడల మీద దిగుచున్నవి. అక్కడి జనం రొమ్ము మాంసం తిని, కాళ్లు తమకు వద్దని మనకు పంపుదురట. వాటి ధర నా దాణా ఖర్చుకన్నా తక్కువ. నేను పెద్దగా చదువుకోలేదు గాని, అవతలివాడు పారేసేదానితో పోటీపడి గెలిచినవాణ్ణి ఏ పుస్తకంలోనూ చూడలేదు.

2. ఇది మనవి చేయుటకు తమ శాఖ వారి "కోళ్ల రైతుల అవగాహన సదస్సు"కు హాజరైతిని. పోటీని తట్టుకొనుట ఎట్లో పెద్దలు సెలవిచ్చారు. తరువాత భోజనం. పళ్లెంలో ఆ కాళ్లే! పక్కనున్న గుడ్ల వ్యాపారి నా చెవిలో, "తాతా, ఒక్క రెక్కయినా కనబడిందా? ఇవి నడిచే వచ్చినట్టున్నాయి" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే తిన్నాను. రుచి లేదని రాద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు, ఆకలి మీదున్నాను.

3. మాటలో మాట. నా దగ్గర ఒక ఎర్రపెట్ట ఉంది. మెరిసే బూట్లు కనబడితే పొడవక మానదు. తమకు ముందున్న అధికారిగారు షెడ్డు చూడవచ్చి, గుమ్మం దాకా పరుగెత్తారు. ఇది అర్జీకి సంబంధించినది కాదు.

4. నా కొడుకు ఆ కాళ్లు మోసే ఫ్రీజరు బండికే డ్రైవరుగా కుదిరినాడు. "సిగ్గులేదట్రా?" అంటే, "కోళ్లని నువ్వు సాకు నాన్నా. మనల్ని సాకేది మాత్రం ఆ కాళ్లే" అన్నాడు. కోడలు కూర వడ్డించింది. ఏ కోడి అని నేను అడగలేదు. షెడ్డులో లెక్క తగ్గలేదు గదా!

5. ఇప్పుడా కాళ్లు దింపే కంపెనీవారే నా షెడ్డును కోల్డ్ స్టోరేజికి అద్దెకు అడుగుచున్నారు. సంతకం పెట్టమని కొడుకు, పెట్టనని నేను. కావున సుంకం తిరిగి వేయించవలెను. అది తమ చేతిలో లేదన్నచో, ఎవరి చేతిలో ఉన్నదో చెప్పవలెను. అదీ తెలియదన్నచో, తమరే వచ్చి నా కోళ్లకు ఒక మాట చెప్పవలెను. నాకు నోరు రావడం లేదు.

నా కోడి కూయకపోతే లోకానికి తెల్లవారదనుకునే వెర్రివాణ్ణి కాను. తెల్లవారుతూనే ఉంది. ఎవరికి, అన్నదే నా మనవి. చిత్తగించవలెను, చిత్తం లేకున్నా చదవవలెను.

తమ విధేయుడు,
కోళ్ల తాత

జతపరచినది: ఎర్రపెట్ట ఒకటి, ప్రాణంతో. లంచం కాదు. కోడికి కాళ్లు గాక ఇంకేమేమి ఉండునో శాఖవారు పరిశీలించి తిరిగి ఇవ్వవలెను.

తా.క.: తమ వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. తమరు భోజనం చేస్తున్నారట. "ఏం కూర నాయనా?" అని బంట్రోతును అడిగాను. "తెలీనట్టు అడుగుతావేం తాతా? పొద్దున పెట్టెలు దించిపోయింది మీవాడేగా!" అన్నాడు.

అద్దె కాగితం జేబులోనే ఉంది. సంతకం పెట్టేశాను. పెన్ను తమ బంట్రోతే ఇచ్చాడు.

పైన "తిరిగి ఇవ్వవలెను" అన్న మాట కొట్టివేసినట్టు భావించవలెను. ఎర్రపెట్టకిక షెడ్డులో చోటు లేదు. తమ బల్ల కింద వదిలి వెళుతున్నాను. బూట్లు జాగ్రత్త.