ఒక్క రింగు

సెప్టెంబర్ 17, బుధవారం

సాయంత్రం తమ్ముడు యేసుకుమార్ వచ్చాడు. గన్నవరంలో షాపు తొందరగా మూసి, నాకు ఫోన్ సంగతులు నేర్పడానికి. మా ముగ్గురిలో చిన్నవాడు. సెల్ షాపు పెట్టాక నాకు మాస్టారయ్యాడు.

ఫ్రాన్స్‌లో మరియమాత గుహ ఉన్న లూర్దుకి యాత్ర తొమ్మిది రోజులు. అన్ని రోజులకూ రోమింగ్ ప్యాక్ వేయిస్తే నాలుగు వేలు దాటుతుందట. ప్యాక్ లేకుండా అక్కడ ఫోన్ ఎత్తితే నిమిషానికి వందకు పైనే పోతుందట. డేటా రోమింగ్ ఆఫ్ చేశాడు. వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవి దిగకుండా చేశాడు. హోటల్లో వైఫై దొరికితే చూసుకో పెద్దక్కా, బయట మాత్రం ముట్టుకోకు అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదానివి, నీకు నేను చెప్పేదేముంది, ఎత్తితే డబ్బు, ఎత్తకపోతే ఊరికే, అంతే అన్నాడు.

మిస్డ్ కాల్ మా ఇంట్లో పాత అలవాటే. నాన్న ఉండగా సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో మొదలైంది. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే క్షేమం. వెంటవెంటనే రెండుసార్లు ఇస్తే ఏదో పని ఉందని. పొరపాటున ఎవరైనా ఎత్తేశారో, పోయిన ఆ రూపాయికి వారం పాటు దెప్పుళ్లు. ఇప్పుడు మాటలు ఊరికే వస్తున్నా మేం ముగ్గురం ఊరు చేరగానే ఇప్పటికీ ఒక్క రింగే ఇస్తాం.

లూర్దుకీ అదే ఏర్పాటు. రోజూ సాయంత్రం జపమాల అయ్యాక చెల్లి మార్త ఒక్క రింగు ఇస్తుంది. రెండుసార్లు ఇస్తే నేను హోటల్‌కి వెళ్లి మెసేజ్ చూసుకోవాలి.

ప్యాక్ వేయించుకో పెద్దమ్మా అని వినీల అంది. మార్త కూతురు. డబ్బు లేక కాదు. ఆ నాలుగు వేలు గుహ దగ్గర మార్త పేరున పూజకిస్తే మేలనిపించింది.

సెప్టెంబర్ 19

బడి నుంచి నేరుగా కంకిపాడు వెళ్లాను. మార్త గొంతు ఇంకా బొంగురుపోయింది. అయినా మాట ఆగదు. మా ఇంట్లో మాటలన్నీ మార్తవే. నా వాటా కూడా తనే మాట్లాడేస్తుంది.

ఆపరేషన్ అక్టోబర్ ఆరున. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాట ఇక రాదన్నారు. ఈ రెండూ డాక్టర్ గారు ఒకే ఊపిరిలో చెప్పారు.

భర్త పోయినప్పుడు కూడా మార్త దిగులు మాటల్లో దాచేసింది, కానీ ఇంత హుషారు అప్పుడు లేదు. ఏడేళ్లయింది. ఇప్పుడు కూరలబ్బాయితో బేరం, పక్కింటావిడతో తగువు, నాతో హాస్యం. అక్కా, ఐదో తారీఖు ఆదివారం నువ్వెక్కడికీ పోకూడదు, పొద్దుట్నుంచి రాత్రిదాకా నేను మాట్లాడతాను, నువ్వు వినాలి, మధ్యలో జపమాల తీశావంటే లాక్కుని దాచేస్తా అంది. సరే అన్నాను. ఏం మాట్లాడతావే అన్నాను. ఇప్పుడు చెప్తే ఆ రోజుకేం మిగుల్తుంది అంది.

సెప్టెంబర్ 22, సోమవారం. గన్నవరం ఎయిర్‌పోర్ట్, ఉదయం 7

గుంపులో ఇరవై ఆరుగురం. ముందు ఢిల్లీ, అక్కడినుంచి పారిస్. మార్త రాలేదు. మంచిదే. వస్తే సెక్యూరిటీ వాళ్లకి కూడా కథ చెప్పేది.

మరియమ్మా, నీ కొండ కింద పుట్టి పెరిగినదాన్ని. ఏటా గుణదల తిరునాళ్లలో నిన్ను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు నీ ఇంటికే వస్తున్నాను. నా చెల్లి కోసం అడగడానికి.

సెప్టెంబర్ 23. పారిస్

ఒక్క రింగు వచ్చింది.

సెప్టెంబర్ 24. లూర్దు

రైల్లో చేరాం. చలి. గుణదలలో గుహ దీన్ని చూసే కట్టారు. కానీ ఇక్కడ పక్కనే ఏరు ప్రవహిస్తోంది. కొబ్బరికాయలు లేవు, తలనీలాలు లేవు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. మార్త ఉంటే ఊపిరాడేది కాదు.

గదిలో నాతో నూజివీడు శౌరమ్మ గారు. ఆమె పెద్ద ప్యాక్ వేయించుకుని వచ్చారు. గేదెకి కుడితి పెట్టారా, మోటారు కట్టేశారా, కోడలు పడుకుందా, లేచిందా. గంటకోసారి. నన్ను చూసి టీచరు గారూ, మీరు కూడా మాట్లాడుకోండి, నా హాట్‌స్పాట్ ఇస్తాను అన్నారు. వద్దండీ, మా ఇంట్లో ఒక్క రింగుతో సరిపోతుంది అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

సెప్టెంబర్ 25

ఒక్క రింగు. దేవునికి స్తోత్రం.

సెప్టెంబర్ 26, శుక్రవారం. మధ్యాహ్నం

రాసి పెట్టుకోవాలి.

పదిన్నర. గుహ ముందు వరుసలో ఉన్నాను. ఇంటి దగ్గర రెండు గంటలవుతుంది. బ్యాగులో ఫోన్ అదిరింది. మార్త. ఒక్క రింగు అయ్యాక ఆగుతుందని చూశాను. ఆగలేదు. చివరిదాకా మోగి ఆగిపోయింది.

మళ్లీ వచ్చింది. రెండుసార్లంటే మెసేజ్ చూసుకోమని. కానీ ఇదీ కట్ కాలేదు. మోగినంతసేపూ మోగింది.

మూడోసారి. తెర మీద మార్త పేరు చూస్తూ నిలబడ్డాను. బొటనవేలు ఆకుపచ్చ గుర్తు మీదే ఉంది. శౌరమ్మ గారు నా చెవి దగ్గర మెల్లగా, ఎత్తండి టీచరు గారూ, ఏం అవసరమో ఏమో, పోనీ నా ఫోన్‌తో చెయ్యండి అన్నారు. మా చెల్లికి కట్ చెయ్యడం చేతకాదండీ, మాటైనా ఫోనైనా పట్టుకుంటే వదలదు అన్నాను. ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను.

నిశ్శబ్దం పాటించమని అక్కడ బోర్డు ఉంది. దాని వల్ల ఎత్తలేదని రాయబోయాను. అది నిజం కాదు.

వరుస కదిలింది. బండ మీద చెయ్యి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. మార్త కోసం అడిగాను.

అదే రోజు, సాయంత్రం 6

హోటల్‌కి వచ్చి వైఫైలో చూశాను. వినీల మెసేజ్. అమ్మ చెయ్యి తగిలి కాల్ వెళ్లింది పెద్దమ్మా, అంతా బాగుంది, కంగారు పడకు. ఒక్క రింగు కూడా వచ్చింది. మార్త నంబరు నుంచి కాదు, యేసుకుమార్ నంబరు నుంచి.

సెప్టెంబర్ 27

ఒక్క రింగు. యేసుకుమార్.

సెప్టెంబర్ 28, ఆదివారం

హోటల్ హాల్లో కూర్చుని వైఫైలో వినీలకి కాల్ చేశాను. అమ్మ నిద్రపోతోంది అంది. గంట ఆగి చేస్తే స్నానానికి వెళ్లింది అంది. మార్త పగలు నిద్రపోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయపడ్డాను.

సాయంత్రం కొవ్వొత్తుల ఊరేగింపు. జపమాల రహస్యాలు చెప్పుకుంటూ పోయాను. ఎన్నో పూసలో ఉన్నానో తెలియలేదు.

సెప్టెంబర్ 30. గన్నవరం

పార్కింగ్‌లో కారు తియ్యకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టి చెప్పాడు యేసుకుమార్. చిన్నక్కకి ఆపరేషన్ అయిపోయింది పెద్దక్కా, బాగానే ఉంది అన్నాడు. ఎప్పుడు అన్నాను. ఇరవై ఆరున అన్నాడు. పెద్ద డాక్టర్ గారు వచ్చే నెల ఊళ్లో ఉండరట. ఆ రోజు ఖాళీ దొరికింది, మళ్లీ ఎప్పుడో అన్నారట.

ఎన్నింటికి అన్నాను.

రెండింటికి లోపలికి తీసుకెళ్లారు అన్నాడు.

నాకు చెప్పొద్దని మార్తే అందట. పెద్దక్కకి తెలిస్తే మొక్కు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొస్తుంది, వచ్చి ఏం చేస్తుంది, వరండాలో కూర్చుని పూసలు తిప్పుతుంది, ఆ తిప్పేదేదో అక్కడే తిప్పనివ్వండి అందట.

వాడు ఏడ్చాడు. నాకు రాలేదు.

అక్టోబర్ 1

ఆసుపత్రి. మార్త మెడ కింద రంధ్రం. అందులోంచి ఊపిరి వస్తోంది, పోతోంది. ముక్కులోంచి గొట్టం. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది. పెదవులు కదిలాయి. అలవాటు కదా. ఏమీ రాకపోయేసరికి తనే ఆశ్చర్యపోయినట్టు ఆగిపోయింది. పలక ఇచ్చారు. సన్నబడ్డావు అని రాసింది.

లూర్దు నీళ్లతో నుదుటి మీద సిలువ గుర్తు వేశాను. సీసా పట్టుకుని చూసింది. ఇంత చిన్నదా, పిసినారీ అని రాసింది.

హాస్యానికే రాసింది. నాకు తెలుసు.

అక్టోబర్ 4

క్యాంటీన్‌లో టీ తాగుతుంటే వినీల చెప్పింది. నేను అడగలేదు.

స్ట్రెచర్ మీద పడుకున్నాక ఫోన్ ఇమ్మందట మార్త. అక్కతో ఒక్క మాట మాట్లాడాలి అందట. ఒకసారి చేసింది. సిస్టర్ తొందర పెడితే, ఒక్క నిమిషం సిస్టరమ్మా, మా అక్క ఎత్తుతుంది అందట. మళ్లీ చేసింది. అమ్మా, రికార్డ్ చేసి పంపు, పెద్దమ్మ తర్వాత వింటుంది అని వినీల చెప్పిందట. తను వినడం కాదే, నేను వినాలి, అక్క ఊఁ అనాలి అందట. మూడోసారి కూడా అయ్యాక ఫోన్ చేతికిచ్చేసి, ఎత్తదులే, మా ఇంట్లో ఎత్తరు అందట. నవ్విందట కూడా.

అదే ఆఖరి మాటా అన్నాను. కాదు పెద్దమ్మా, తలుపు దగ్గర వార్డ్ బాయ్‌ని, అబ్బాయ్, మెల్లగా తొయ్యి, ఇది కూరగాయల బండి కాదు అంది అని చెప్పింది.

టీ చల్లారిపోయింది.

అక్టోబర్ 5, ఆదివారం

రోజంతా మార్త పక్కన కూర్చున్నాను. జపమాల తీయలేదు.

అక్టోబర్ 11

గుడిలో పాపసంకీర్తనానికి, చేసిన పాపం ఫాదర్ గారికి చెప్పుకోవడానికి, వెళ్లాను. ఫోన్ ఎత్తలేదు ఫాదర్ గారూ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. ఇది పాపం కాదమ్మా, నీకు తెలియదు కదా, డబ్బు కూడా పూజకే కదా ఇచ్చావు, మనసు కష్టపెట్టుకోకు అన్నారు.

పాపమైతే క్షమించేవారు. కాదన్నారు. ఇప్పుడు దీన్నెక్కడ దించుకోవాలి?

అక్టోబర్ 14

యేసుకుమార్ చెప్పకుండా నా నంబరుకి రోమింగ్ ప్యాక్ వేశాడు. మెసేజ్ వస్తే తెలిసింది. పది రోజులు ఏ దేశంలో ఉన్నా ఎన్ని నిమిషాలైనా మాట్లాడుకోవచ్చట. నేను గుణదలలో ఉన్నాను. ఎందుకురా అంటే తెలియదు పెద్దక్కా, వెయ్యాలనిపించింది అన్నాడు. వాడిని ఏమీ అనలేదు. వాడు చెప్పింది లెక్క. ఎత్తకపోయింది నేను.

అక్టోబర్ 16

వినీల ఫోన్లో మార్త వాయిస్ మెసేజ్‌లు చాలా ఉన్నాయట. పంపనా పెద్దమ్మా అంది. వద్దన్నాను. అవి వినీలకి చెప్పినవి.

అక్టోబర్ 19, ఆదివారం. కంకిపాడు

మార్త ఇంటికొచ్చింది. మెడ చుట్టూ పల్చటి గుడ్డ కట్టుకుంటోంది. ఊపిరి చప్పుడవుతుంది. పలక మీద రాసే ఓపిక లేదు. సగం రాసి, మనకి అర్థం కాకపోతే సుద్దముక్క విసిరేస్తుంది. కూరలబ్బాయి గేటు దగ్గర నిలబడి, బేరం లేకుండా చెప్పిన ధరకే ఇచ్చి, డబ్బు తీసుకుని తలదించుకుని వెళ్లిపోయాడు. మార్త చాలాసేపు గేటు వైపే చూసింది.

భోజనాలయ్యాక అడిగేశాను. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావే అన్నాను.

పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సుద్దముక్క రెండుసార్లు ఆనించి తీసింది. చివరికి గుర్తు లేదు అని రాసింది. నా వైపు చూడకుండా తిప్పి చూపించింది. నేను చదివానో లేదో చూడకుండానే కొంగుతో తుడిచేసింది.

మార్త ఏదీ మర్చిపోదు.

అక్టోబర్ 27

అమ్మా, నిన్ను ఏమీ అడగను. ఊరికే కూర్చుంటాను.

అక్టోబర్ 30

మళ్లీ ఆసుపత్రి. మాట్లాడించే మిషన్ చూపించారు. చిన్న టార్చ్‌లైట్‌లా ఉంది. మెడకి ఆనించి పెదవులు కదిపితే మాట వస్తుంది. సిస్టర్ తన మెడకి పెట్టుకుని చూపించింది. ఆడా మగా తెలియని గొంతు. హెచ్చూ తగ్గూ లేదు. రేకు డబ్బాలో తుమ్మెద తిరుగుతున్నట్టు. సాధన చేస్తే రెండు వారాల్లో వస్తుందన్నారు. మార్త పలక మీద వద్దు అని పెద్ద అక్షరాలతో రాసింది. వినీల అయినా ఆర్డర్ పెట్టింది.

నవంబర్ 16, ఆదివారం. కంకిపాడు

పూజ అయ్యాక వచ్చాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల్నుంచి ఎవరో ఆడా మగా తెలియని గొంతుతో అక్కా అని పిలిచారు.

ఎవరండీ అన్నాను.