బ్రేకులకు పెట్టిన బొట్టు

విశ్వకర్మ పూజ మర్నాడు, రాత్రి

కోపంతో అన్నం కూడా సయించలేదు.

షెడ్డుకొచ్చిన ఒక స్పోర్ట్స్ కారు ముందు చక్రాలకు పెద్ద బ్రేకు డిస్కులు వేయడానికి వారమంతా పట్టింది. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసి పంపే నూనెను చివరి మరక దాకా తుడిచింది నేనే. నిన్న పనిముట్లకు పూజ కదా, అది చేసే అన్నయ్యకు షెడ్డు వదిలి ఇంటికొచ్చాను. పొద్దున వెళ్లేసరికి చక్రాలు బిగించి ఉన్నాయి.

ఓసారి నడిపి చూద్దామని తీసుకెళ్లి, కలకత్తా గార్డెన్ రీచ్ రోడ్డు మీద బ్రేకు తొక్కితే బండి ఆగకుండా ఎడమకు లాగేసింది. ఆటో దిగుతున్న ఒకావిడకు జానెడు దూరంలో ఆగింది. "కీ కొర్ఛో దాదా!" ఏం చేస్తున్నావన్నా అని బెంగాలీలో అరుస్తూ ఆటోవాడు నా కాలరు పట్టుకున్నాడు. పట్టుకోడూ మరి!

షెడ్డుకొచ్చి కుడి చక్రం విప్పితే డిస్కు మీద ఎర్రటి జిడ్డు. నూనెలో కలిపిన సిందూరం!

"కొత్త ఇనుముకి బొట్టెట్టకుండా రోడ్డు మీదకి అంపేస్తామేటిరా?" అన్నాడు అన్నయ్య.

"మనిషి చచ్చేది!" అని అరిచాను.

"చావలేదు కదేటి. బొట్టెట్టబట్టే ఆగిందిరా."

డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు నూనె తాగేశాయి, ఇక చెత్తలోకే. కారు ఓనరుకు ఇచ్చేశాక తెలిసుంటే...

ఇంటికొచ్చి దేవుడి గూట్లో సిందూరం గిన్నె విసిరేద్దామని తీశాను. చేతులు రాలేదు. పైగా ఆవిడ బతికిందని ఇంత తీసి నుదుటికి పెట్టుకున్నాను. అప్పటి నుంచీ నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.