వెనక ఇరుసు మార్చుకున్నాం

అక్కకు సుగుణ దండాలు.

గద్వాలలో మేమిద్దరం బాగున్నాం. బల్మూరులో నువ్వూ బావా బాగున్నారని తలుస్తున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాసుకుని ఊరుకోవద్దని, దవాఖానలో చూపించుకోమని చెప్పు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుతావేమో. మాది ఒకటే గది అక్కా. ఆయన గురించి ఆయన పక్కనే కూర్చుని నీకెట్లా చెప్పేది? ఇప్పుడు బయటికి పోయాడు, అందుకే రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, భయపడకు. అందరం బాగున్నాం.

పూణె పని వదిలి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మీ మరిది అంజయ్య పాత పికప్ బండి నడుపుతున్నాడు కదా. పత్తి విత్తనాల చేలకు కూలికి పోయే ఆడవాళ్లను పొద్దున దింపి సాయంత్రం తీసుకొస్తాడు. మా ఇంటి యజమానురాలు బసమ్మవ్వ కూడా అందులోనే పోతుంది. ఆమెది రాయచూరు వైపు. నేను కనబడితే చాలు, "ఊట ఆయ్తా?" అంటుంది. అన్నం తిన్నావా అని. వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక గుబులుగా ఉన్నప్పుడు ఆ ఒక్క మాటే నాకు తోడు.

ఈసారి వానలకు చేల దారి అంతా గుంతలు పడింది. ఒక పొద్దున ఆ గుంతల్లో బండి వెనక ఇరుసు పగిలింది. చక్రం లోపలికి వాలిపోయి, బండి ఒరిగి, గట్టుకు ఆనుకుని ఆగింది. వెనకున్న ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. దేవుడి దయ, ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. బసమ్మవ్వ పెదవి చిట్లింది, అంతే. బండిని ట్రాక్టరుతో ఎత్తిపట్టి మా వాకిట్లోకి లాక్కొచ్చి వదిలారు.

ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచేవాడు.

"ఇగ నాతోని కాదు సుగుణా. అంతమంది ఉండిరి బండిల. ఎవరికన్న ఏమన్న అయితే ఏం జేస్తుంటిమి? పాత ఇనుమోళ్లకు అమ్మేస్త. మల్ల పూణెకే పోదం" అన్నాడు.

పూణె అంటేనే నా మెడ నొప్పి పెడుతుంది అక్కా. తలమీద సిమెంటు తట్టలు, ఉడికిపోయే రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాటలు. ఇక్కడ నాకంటూ ఒక పొయ్యి ఉంది. పోవద్దని చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆయన ముఖం చూస్తే మాట పెగిలేది కాదు.

బసమ్మవ్వే వచ్చింది, వాచిన పెదవితో. గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగింది.

"ఏమ్రా అంజయ్యా, మూతి వాసింది నాది. నువ్వెందుకు ముడుసుకుంటివి?"

"నా బండి మల్ల ఎట్ల ఎక్కుతరు అవ్వా?"

"కాళ్లతోని ఎక్కుతం. ముందుగాల నువ్వది బాగుజెయ్యి."

ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు. మెకానిక్ షెడ్డువాళ్లు ఇప్పట్లో ఇంటికి రాలేమన్నారు. బండేమో కదలదు. మా పెళ్లికి ముందు కొత్తకోటలో మెకానిక్ పని నేర్చుకున్నాడు కదా, తానే చేస్తానన్నాడు. పాత సామాన్ల దుకాణంలో వెతికి, అదే రకం బండి ఇరుసును, పగుళ్లు లేనిదాన్ని, ఆటోలో వేయించుకుని వచ్చాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దని బండి కింద కట్టె మొద్దులు పెట్టాడు. చక్రాలు విప్పాడు. పాత నూనె పట్టడానికి నా బియ్యం కడిగే గిన్నె తీసుకున్నాడు. చూసి తిట్టాను. చాలా రోజులకు తిట్టాను కదా, ఆయన ముఖం కొంచెం వెలిగింది.

ఇరుసును బండి బరువు మోసే కమాన్ పట్టీలకు బిగించిన బోల్టులు తుప్పుపట్టి కదలనంటే కదలలేదు. కిరోసిన్ పోసి నానబెట్టి, పానాకు పొడుగు పైపు తొడిగి, ఇద్దరం దాని మీద పడి నొక్కాం. బోల్టు ఒక్కసారిగా ఊడేసరికి ఇద్దరం బురదలో పడ్డాం. అక్కా, ఆయన నవ్వాడు! నేనైతే నవ్వుతూ ఏడ్చాను.

తెచ్చిన ఇరుసు బరువు మా ఇద్దరి వల్ల అయ్యేది కాదు. సాయంత్రం చేల నుంచి నడిచొచ్చిన ఆడవాళ్లను బసమ్మవ్వ మా వాకిట్లోకి తోలుకొచ్చింది. ఆ రోజు బండిలో పడ్డవాళ్లే. ఆయన తలెత్తి చూడలేకపోయాడు.

"జరుగు అన్నా, నువ్వు బోల్టులు జూస్కో. ఎత్తుడు మా పని" అన్నది ఒకామె.

కొంగులు బిగించి, రెండు పక్కలా పట్టి, ఆయన చెప్పినచోటికి పట్టీల కింద చేర్చారు. నేను చేసిన చాయ్ తాగి, చేతుల నల్ల మరకలు చూసుకుని నవ్వుకుంటూ పోయారు.

చివరికి బ్రేకుల గొట్టాల్లో గాలి తీసే పని మిగిలింది. నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాలి, ఆయన చక్రం దగ్గర పడుకుని గాలి వదలాలి. ఒకరికొకరం కనబడం. మాట ఒక్కటే వినబడుతుంది.

"తొక్కు... పట్టు... ఇగ వదులు."

అట్లా చాలాసేపు చేశాం. మధ్యలో గొంతు మారింది.

"తొక్కు... ఆ పొద్దు బండి ఒరిగినప్పుడు నువ్వే యాదికొచ్చినవ్ సుగుణా. పట్టు... నాకు మస్తు భయమైంది. నీతోని చెప్పలేకపోతిని."

ఆయన వదలమనలేదు. నేను కాలు తీయలేదు.

"నాగ్గూడ భయమే" అన్నాను. "పూణె పోవాలంటే ఇంకెక్కువ భయం. నేను రాను."

కింద పానా తిప్పిన చప్పుడైంది. తర్వాత, "సరే. పోం. ఇగ వదులు" అన్నాడు.

ముందు ఇసుక బస్తాలు వేసి ఊరవతలి దాకా తిప్పి చూశాడు. మర్నాడు పొద్దున ఆడవాళ్లు ఎక్కారు, నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. ఎంత మెల్లగా నడిపాడంటే వెనక నుంచి, "ఏందన్నా, నడిసి పోయినా గీపాటికి చేరుతుంటిమి" అని ఒకటే గోల. చేను దగ్గర అందరూ దిగాక ఆయన వెనక చక్రం మీద అరచెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూశాడు. లోపల ఎక్కడన్నా పట్టేస్తే కాలుతుందట. నన్నూ పిలిచి పెట్టి చూడమన్నాడు. చల్లగా ఉంది అక్కా.

ఇంతే సంగతి. నువ్వేం పరేషాన్ కావద్దు. వేళకు తింటున్నాం. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం చింతపండు, నీ చేతి మిరపతొక్కు పంపు. ఇక్కడి తొక్కు ఆయనకు రుచించడం లేదు. అత్తమ్మకు, పక్కింటి పెద్దమ్మకు నా మొక్కులు చెప్పు. మమ్మల్నిద్దర్నీ దీవించు. ఈసారి ఆయన వంతు కాస్త ఎక్కువ పెట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ