సాయంత్రానికి వెనకబడే గడియారం

2003, తమిళ ఆవణి నెల, శుక్రవారం. కోవిల్‌పట్టి.

దేవుడికి స్తోత్రం, ఈ రోజు నా గుండె నిండిపోయింది. కోడలు మేరీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి వెలుగుండగానే ఇంటికొచ్చింది. అక్కడ సాయంత్రం సైరన్ మోగించేది కంప్యూటర్. అది రోజూ పావుగంట ఆలస్యంగా మోగుతోందని ఆడవాళ్ళు మొత్తుకుంటే, మేనేజర్‌కు అది పనిదొంగల మాట. మదురై నుంచి టై కట్టుకొచ్చిన ఇంజనీరు రెండుసార్లు బ్యాటరీ మార్చాడు. పొద్దున్నే తన వాచీతో సరిచూసి, అంతా కరెక్ట్ అని బిరియానీ తిని పోయాడు. సాయంత్రం దాకా కూర్చుని చూడాలని తోచని బుర్రకు ఎంత చదువుంటే ఏం?

విరుదునగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే నా కూతురు స్టెల్లాను పిలిపిస్తే, అది సాయంత్రం దాకా కూర్చుని చూసింది. పొద్దున స్విచ్ వేసినప్పుడే కంప్యూటర్ బ్యాటరీ గడియారాన్ని చూసుకుంటుందట. ఆ తర్వాత లోపల అన్నీ నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రాము తానే టిక్కులు లెక్కపెట్టుకుంటుందట. డిస్కులో రాసే ప్రతిసారీ అది కొన్ని టిక్కులు వదిలేస్తోందని నా బంగారుతల్లి పట్టేసి, డిస్కు సెట్టింగు ఒకటి మార్చింది. ఎనిమిదో క్లాసు చదివిన నాకే అర్థమైంది, ఆ టై దొరకు కాలేదు.

మేనేజర్ గొంతు తగ్గించి, "ఈ సంగతి ఆడోళ్ళకు సెప్పొద్దుమా" అన్నాడట.

"నేను సెప్పేదేముండాది సార్? ఆరు మాసాలుగా వాళ్ళే మీకు సెప్తా ఉండారు" అందట నా బిడ్డ.

ఇంక దాన్ని అక్కడికి పనికి పిలవరేమోనని నాకు కొంచెం దిగులు. దానికి లేదు...