తీరిన మొక్కు

లీలక్కా,

ఈ పొద్దు జరిగింది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

నేను టీచరు పరీక్షకు చదవతా ఉంటే, మా ఆయన మరమగ్గం ఆపేసి టీ కాసిచ్చేవాడు. స్వామి నెల పెరటాసిలో ఇప్పటిదాకా మూడు శనివారాలూ మోపెడ్ మీద నారాయణవనం గుడికి పిల్సుకొని పోయినాడు. ఉద్యోగం రావాలని నేను మొక్కినాను. ఆయన మొక్కేందో చెప్పలేదు.

నిన్న రిజల్టు వచ్చింది. నా నంబరు లేదు. ఈ పొద్దు ఆయన కొండకు పోయి గుండు కొట్టించుకొని వచ్చినాడు.

"నీకు రాకూడదని మొక్కినా. వస్తే యాడికో వేస్తారు. నువ్వు లేకుండా నేనెట్ట ఉండేది?" అంటా లడ్డు నా చేతిలో పెట్టినాడు. నవ్వతా ఉండాడక్కా.

వచ్చే పరీక్షకు నీ అడ్రసే రాస్తాను. ఆయనకు చెప్పొద్దు.

రేపు నాలుగో శనివారం. ఆయన పక్కన నిలబడి ఆ దేవుణ్ణే నేనేమడగాల?

నీ చెల్లెలు